చాకు మచ్చికయ్యేదాకా

చిన్నీ,

గ్రెనోబుల్ నుంచి నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. మొదటిదాంట్లో కొత్త మడత చాకు, బీచ్ చెక్క పిడి నిగనిగలాడుతోంది. రెండోదాంట్లో అదే చాకు సగం తెరుచుకుని మొరాయించింది, పక్కనే విరిగిన నీ బొటనవేలి గోరు. మూడోదాంట్లో నిమ్మకాయ కోశాక బ్లేడు మీద తేలిన నీలం, నలుపు మరకలు. కింద నీ ప్రశ్న: "మంచి కంపెనీదని కొన్నాను పెద్దనాన్నా. మోసపోయానా? వెనక్కి ఇచ్చెయ్యనా?"

ఇవ్వకు. నువ్వు మోసపోలేదు. చెక్క చెక్క పని చేస్తోంది, ఉక్కు ఉక్కు పని చేస్తోంది. నీకింకా దాని పద్ధతి తెలియలేదు, దానికింకా నీ చెయ్యి అలవాటు కాలేదు. అంతే.

ఫోనులో చెబుదామనుకున్నాను. నీ గొంతు వినపడగానే మీ పెద్దమ్మ ఫోను లాక్కుంటుంది, చాకు సంగతి కాస్తా వంకాయ పులుసులోకి దిగిపోతుంది. అందుకని రాస్తున్నాను. కడియపులంకలో నలభై ఏళ్లు అంట్లు కట్టినవాణ్ణి. చెప్పుల్లేకుండా తోటలోకి వెళ్లిన రోజులున్నాయి గాని మొలలో చాకు లేకుండా వెళ్లిన రోజు లేదు. మీ నాన్న నా మాట ఏ విషయంలోనూ వినడు. నువ్వు ఈ ఒక్క విషయంలో విను.

ముందు ఆ బిగువు సంగతి. మన పెరటి తలుపు గుర్తుందా? మామిడి చెక్కది. శ్రావణం వచ్చిందంటే పట్టేస్తుంది. చిన్నప్పుడు నువ్వు గడపకు కాలు తన్నిపెట్టి రెండు చేతుల్తో లాగేదానివి, ఒక్కసారిగా ఊడొచ్చి వెనక్కి పడేదానివి. ఓ ఏడాది నాకు విసుగెత్తి, వానల్లోనే వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించాను. ఆ నెలంతా తలుపు హాయిగా ఆడింది. వైశాఖం వచ్చేసరికి తలుపుకీ ద్వారబంధానికీ మధ్య వేలు దూరేంత సందు తేలింది. ఆ వేసవి మొత్తం బల్లులకు మా ఇల్లు ధర్మసత్రం. వానాకాలంలో చెక్క తాగిన నీళ్లను నేను చెక్క లావు అనుకున్నాను.

నువ్వు కొన్న ఒపినెల్ చాకుదీ అదే కథ. బీచ్ చెక్క తేమ తగిలితే ఇట్టే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. బ్లేడు ఆ చెక్కలో కోసిన గాడిలోనే కదలాలి గదా, గాడి ఇరుకైతే ఎలా కదులుతుంది? నువ్వు దాన్ని సింకులో చెంచాలతో కలిపి రాత్రంతా నానబెట్టావని నాకు అనుమానం. అవునా? ఫొటోలో పిడి చివర చెక్క నారలు పైకి లేచి కనిపిస్తున్నాయి, అబద్ధం చెప్పి లాభం లేదు.

పద్ధతి చెబుతాను. పొడిగుడ్డతో తుడిచి, సగం తెరిచి, కిటికీ దగ్గర గాలి తగిలే చోట రెండు మూడు రోజులు వదిలెయ్. హీటరు మీద పెట్టకు. పైన తొందరగా ఆరి లోపల పచ్చిగా ఉంటే చెక్క పగులుతుంది. అది ఆరేలోపు గరుకు కాగితం పట్టుకుని గాడిని అరగదియ్యడం మొదలెట్టకు. మా పెరటి తలుపు గుర్తుంచుకో. నిజంగా పొడిగా ఉన్న రోజుల్లో కూడా గోరు విరిగేంత బిగువు ఉంటే, అప్పుడు గాడి లోపలి గోడల్ని రెండు రాపులు రుద్దితే చాలు. చాలామందికి ఆ అవసరమే రాదు. కీలు దగ్గర వేలికొసతో కాస్త వాజెలిన్ రాసి, పదిసార్లు తెరిచి మూస్తే లోపలికి దిగుతుంది. ఆ తర్వాత వాన నీళ్లు కూడా అంత తొందరగా లోపలికి పోవు.

ఇంకో సంగతి. ఆ బిగువు ఆ చాకుకు పుట్టుకతో పెట్టినదే. జోసెఫ్ ఒపినెల్ దాన్ని 1890లో మీ పక్కనున్న సవ్వా కొండల్లో తయారు చేశాడు. ఏడేళ్లకు, 1897లో, 1 నుంచి 12 దాకా సైజులు వచ్చాయి. నీ చేతిలో ఉన్న 8వ నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. పిడి మెడలో నువ్వు తిప్పే ఆ ఉక్కు రింగు ఉంది చూడు, విరోబ్లాక్ అంటారు, అది వచ్చింది 1955లో. అంటే అరవై ఐదేళ్ల పాటు ఆ చాకుకు తాళం లేదు. పశువుల కాపరులూ రైతులూ దానితోనే రొట్టె కోసుకున్నారు, కర్ర చెక్కుకున్నారు. బ్లేడు వేళ్ల మీద మూసుకోకుండా ఆపింది చెక్క బిగువొక్కటే. ఇప్పటికీ 6 కంటే చిన్న నంబర్లకు రింగు ఉండదు. కొన్న రోజే వెన్నలా తెరుచుకునే ఒపినెల్ దొరికితే నేను సంతోషించను, అనుమానిస్తాను.

వానరోజు ఎలా తెరవాలీ అంటావా? అక్కడి పాతవాళ్ల కిటుకు ఒకటుంది. దానికి సవ్వా వాడి దెబ్బ అని పేరు కూడా పెట్టుకున్నారు. రింగు తిప్పి తాళం తీసి, బ్లేడు కొన దాగి ఉండే పిడి చివరను బల్ల అంచుకు టక్కున కొట్టాలి. బ్లేడు కాస్త పైకి వస్తుంది, ఆపైన వేళ్లతో వెన్ను పట్టుకుని లాగొచ్చు. గోరుతో యుద్ధం అక్కర్లేదు. మీ కాలేజీ క్యాంటీనులో పెద్దాయన ఎవరైనా ఉంటే అడిగి చూడు, ఆయన జేబులోంచి తీసి చూపిస్తాడు.

నీ స్నేహితుడెవరో, సినిమా చూస్తూ చాకును వెయ్యిసార్లు తెరిచి మూస్తే అదే లొంగుతుంది అన్నాడని రాశావు. సగం నిజం. కొత్త కోడెను కాడికి అలవాటు చేస్తాం, కొత్త రుబ్బురోట్లో ముందు ఊక వేసి రుబ్బి ఆ రాతిపొడి పారబోస్తాం, కొత్త పెనం మీద మొదటి అట్టు ఎవరూ తినరు. లోహం లోహాన్ని రాసుకునే కీలుకు కూడా కొన్నాళ్ల సర్దుబాటు ఉంటుంది. రెండు గరుకు ముఖాలు ఒకదాన్నొకటి నునుపు చేసుకోవాలి. కానీ ఫ్యాక్టరీ దుమ్మూ, మెరుగు పెట్టినప్పటి పొడీ లోపలే ఉండగా పొడిగా వెయ్యిసార్లు ఆడిస్తే అది మచ్చిక కాదు, ఇసకతో నూరడం. ముందు కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె వేసి అప్పుడు ఆడించు. యాభై సార్లు చాలు. మిగతాది పని చేసుకుంటూ పోతుంటే అదే అవుతుంది. రోజూ ఒక ఆపిల్ కొయ్యి, ఒక రొట్టె కొయ్యి, పార్సిల్ తాడు కొయ్యి. నెల తిరిగేసరికి తెరవడం నీకు గుర్తుండదు.

పదును మాత్రం వేరే. దానికి మచ్చిక అక్కర్లేదు. మంచి చాకు డబ్బాలోంచి తీసిన నిమిషం నుంచే టమాటా తోలు మీద జారకుండా దిగాలి. దిగకపోతే అది అలవాటయ్యే లోపం కాదు, నూరాల్సిన లోపం.

నా చాకు సంగతి చెబుతాను. నువ్వు దాన్ని చూశావు గాని ఎప్పుడూ అడగలేదు. 1984లో, ఓడల్లో ఇంజినీరుగా చేసే ఒకాయన కొబ్బరి మొక్కలకని మన నర్సరీకి వచ్చాడు. నేను ఇంట్లో కూరలు కోసే చాకు విరిగిన ముక్కతో మామిడి అంటు కడుతుంటే చూసి నవ్వి, మళ్లీ వచ్చినప్పుడు స్విట్జర్లాండు అంటు చాకు తెచ్చాడు. ఎర్ర పిడి, ఒక చివర బెరడు లేపే చిన్న ఇత్తడి నాలుక. చేతికిచ్చే ముందు "పావలా ఇవ్వండి" అన్నాడు. చాకు ఊరికే ఇస్తే స్నేహం తెగుతుందట, కొన్నట్టు ఉండాలట. ఫ్రాన్సులో కూడా ఆ నమ్మకమే ఉంది, నువ్వు అడిగి తెలుసుకో. మనవాళ్లు చాకును చేతికివ్వరు, కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. రెండు ఊళ్ల భయం ఒకటే, మందు వేరు.

దాన్ని చేసిన ఊరి పేరు ఇబాక్. కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో అక్కడ పని మొదలుపెట్టాడు, 1891లో స్విస్ సైన్యానికి చాకులు ఇచ్చాడు, 1897లో ఆఫీసర్ చాకు తెచ్చాడు. తల్లి పేరు విక్టోరియా. తుప్పు పట్టని ఉక్కుకు మీ ఫ్రెంచి వాళ్లు అనే మాట ఇనాక్స్. రెండూ కలిసి విక్టోరినాక్స్. నీకు చాకు అమ్మినాయన "కార్బనా, ఇనాక్సా?" అని అడిగాడని రాశావు చూడు, ఆ ఇనాక్సే ఇది.

ఆ చాకు కూడా మొదటి నెల నా గోరు విరిచింది. అందులో చెక్క గాడి లేదు, వెన్ను కింద ఉక్కు స్ప్రింగు బిగువు. నేను తెలివిగా ఆముదం పోశాను. ఇంట్లో ఉన్నది అదే. వారం తిరక్కుండా తోటలో దుమ్మంతా దానికి పట్టి కీలు బంకలా తయారైంది. దానికి తోడు మామిడి జీడి, సపోటా పాలు. సపోటాను పాల మొక్క మీద కడతాం గదా, రెండూ పాలు కార్చేవే. ఆ పాలు ఎండితే రబ్బరు. చివరికి కిరసనాయిల్లో ఒక పూట ముంచి, గోరువెచ్చని నీళ్లలో పదిసార్లు తెరిచి మూసి, ఆరబెట్టి, మీ పెద్దమ్మ కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేశాను. అప్పటినుంచీ అదే పద్ధతి.

నువ్వు మాత్రం కుట్టు మిషను నూనె వాడకు, దానితో పండ్లు కోస్తావు గనక. వంటనూనె అసలే వద్దు, అది కొన్నాళ్లకు జిగురై కూర్చుంటుంది. మీ అమ్మ పంపిన కొబ్బరి నూనె అక్కడ ఇరవై నాలుగు డిగ్రీల కిందకు పోగానే గడ్డకడుతుంది, చలికాలంలో కీలులో అది మేకుతో సమానం. మందుల షాపులో పారాఫిన్ నూనె అడుగు. చిన్న సీసా నీకు నాలుగేళ్లు వస్తుంది.

ఇప్పుడా మరకలు. ఆవకాయ కాయలు తరిగిన మర్నాడు మన కత్తిపీట ఎలా ఉంటుంది? నల్లగా, మధ్యమధ్య నీలంగా, నెమలి మెడలా. మీ నాయనమ్మ దాన్ని ఎప్పుడైనా పారేసిందా? నీ బ్లేడు కార్బన్ ఉక్కు, అందులో నూటికి సుమారు 0.9 పాళ్లు కార్బన్. ఇనాక్స్ అనిపించుకోవాలంటే కనీసం పదిన్నర పాళ్లు క్రోమియం ఉండాలి, నీదాంట్లో అది లేదు. అందుకే నిమ్మరసం, ఉల్లిపాయ, మామిడికాయ తగిలితే రంగు తిరుగుతుంది. ఆ ముదురు పొర ఉక్కుకు కాస్త కాపు కూడా. దాన్ని పీచుతో తోమి తెల్లగా చెయ్యాలని చూడకు, రెండో రోజుకు మళ్లీ వస్తుంది, నీ ఓపిక మాత్రం అరుగుతుంది. మొదటి పదిరోజులు ఆపిల్ ముక్కకు ఇనుప వాసన తగలొచ్చు, రంగు కుదురుకున్నాక తగ్గిపోతుంది.

నీలం, బూడిద, నలుపు అయితే ఊరుకో. ఎరుపో ఇటుక రంగో కనపడిందా, వెంటనే లే. అది తుప్పు. నూనె గుడ్డతో రుద్దు, పోకపోతే మెత్తటి గరుకు కాగితం. కోసిన వెంటనే తుడవడం ఒక్కటి అలవాటైతే ఆ రోజు రాదు. మీ నాయనమ్మ కత్తిపీటను కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వేలికి అంటిన నూనె దాని మీద రాసి అప్పుడు గోడకు ఆనించేది. ఆ వరస నీకు తెలుసు, దాని పక్కన కూర్చుని పెరిగావు.

1986 ఆగస్టు గోదావరి నీకు తెలియదు, మీ నాన్నకు తెలుసు. లంకలో మన పాక మునిగింది. మొక్కలు పోయాయి, కుండీలు పోయాయి. పాక నిట్రాటకు వేలాడదీసిన సంచిలో నా చాకు. నీళ్లు తీశాక, మోకాల్లోతు ఒండ్రులో ఐదో రోజున ఆ సంచి దొరికింది. తెరిస్తే తెరుచుకోలేదు, కీలు నిండా మెత్తటి ఇసక. బలవంతాన తెరవబోతే కరకరమంది, ఆ చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. ఆపేశాను. బిందెడు నీళ్లలో రాత్రంతా ఉంచి, పొద్దున్న ధారకింద పెట్టి, సైకిలు చువ్వతో గాడి గీకి, కాస్త కాస్తగా కదిపాను. ఇనాక్స్ అయినా కీలు మేకు దగ్గర రెండు తుప్పు చుక్కలు పడ్డాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి, పెరగలేదు. ఆ ఏడు నర్సరీ మళ్లీ నిలబెట్టడానికి కట్టిన మొదటి అంటు ఆ చాకుతోనే.

కాబట్టి వరద దాన్ని చంపలేకపోయింది. చంపబోయినవాణ్ణి నేనే. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గు.

అంటు చాకుకు వాదర ఒక వైపే ఉంటుంది. ఒక పక్క ఏటవాలు, రెండో పక్క పలకలా చదును. ఎందుకంటే పుల్లను చీలికలా చెక్కినప్పుడు కోత అద్దంలా చదునుగా రావాలి. బెరడు కింద పచ్చటి పొర అవతలి పచ్చటి పొరకు ఎక్కడా గాలి లేకుండా ఆనాలి, అప్పుడే అతుకుతుంది. కోత మధ్యలో గుంట ఉంటే అంటు వారం రోజులు పచ్చగా నటించి ఎండిపోతుంది. ఓ ఏడాది జూలైలో పని ముమ్మరం. రోజుకు రెండొందలు, మూడొందల అంట్లు. నాకు నూరుకునే తీరిక లేదు. సానపట్టే కుర్రాడు సైకిలు చక్రం తిప్పుకుంటూ వచ్చాడు. ఇచ్చాను. టీ తాగి వచ్చేసరికి నిప్పురవ్వలు చిమ్ముతున్నాయి. రెండు వైపులా పట్టేశాడు. కొన దగ్గర బ్లేడు రంగు తిరిగింది.

ఉక్కుకు గట్టిదనం వచ్చేది కాల్చి చల్లార్చే లెక్కలో. మళ్లీ అతిగా వేడెక్కితే ఆ లెక్క చెదిరిపోతుంది. నీలాంటి కార్బన్ ఉక్కు అయితే మూడొందల డిగ్రీల దగ్గర నీలం తిరుగుతుంది, తిరిగిందంటే అక్కడ మెత్తబడ్డట్టే. మెత్తబడిన వాదర పొద్దున నూరితే మధ్యాహ్నానికి మొద్దు. వాణ్ణి తిట్టి ఏం లాభం? వాడికి తెలిసిన కత్తులన్నీ రెండు వైపులా నూరేవే, నేను చెప్పి వెళ్లలేదు. ఆ కొన పోయేదాకా, ఆ చదును మళ్లీ వచ్చేదాకా రాతి మీద రోజుకు అరగంట చొప్పున మూడు వారాలు నూరాను. నలభై ఏళ్లలో నేను అరగదీసింది ఒక ఎత్తు, ఆ ఐదు నిమిషాల్లో పోయింది ఒక ఎత్తు. ఇప్పుడు ఆ బ్లేడు చూస్తే కొత్తదానికంటే చిటికెన వేలి గోరు సగమంత సన్నం.

అప్పటినుంచి నా చాకు ఇంకో చేతికి నూరడానికి ఇవ్వలేదు. నువ్వూ ఇవ్వకు. చక్రం మీద పొడిగా పట్టేవాడికీ, గాడిలో లాగితే చాలనే ఆ చిన్న యంత్రాలకీ ఇవ్వకు. 1000 నంబరు నీటిరాయి ఒకటి కొను. పది నిమిషాలు నీళ్లలో వెయ్. నీది రెండు వైపులా వాదర ఉన్న చాకు, కాబట్టి రెండు వైపులా సమానంగా నూరాలి. వెన్ను ఎంత ఎత్తు ఉండాలో తెలియకపోతే, రాయి మీద మూడు యూరో నాణేలు దొంతర పెట్టి వెన్ను దానికి ఆనించి చూసుకో, ఆ ఏటవాలు చేతికి గుర్తు పెట్టుకుని నాణేలు తీసెయ్. సుమారు ఇరవై డిగ్రీలు. ఒకవైపు నెమ్మదిగా నూరుతూ పోతే, వాదర అవతలి వైపు వేలికి గరగరగా సన్నటి అంచు తగులుతుంది. అది మొదలు నుంచి కొన దాకా తగిలితేనే రెండో వైపు తిప్పు. అక్కడక్కడా తగిలితే ఇంకా కాలేదు. ఈ ఒక్క ఓపిక లేకే జనం నూరడం రాదంటారు. చివర్లో ఏదైనా పాత తోలు బెల్టు మీద, వాదర వెనక్కి ఉండేలా, మంగలి కత్తి తిప్పినట్టు పదిసార్లు తిప్పు.

నెలకోసారి ఇలా చేస్తే రాయి పట్టుకునే పని పావుగంట. బెల్టు మీద వారానికోసారి తిప్పుకుంటే రాయి రెండు నెలలకొకసారి చాలు. బాగా మొద్దయ్యేదాకా ఆగితే ఎక్కువ ఉక్కు తియ్యాలి, తీసిన ఉక్కు తిరిగి రాదు.

ఇక నీ ఇంకో ప్రశ్న, ఎన్నాళ్లు వస్తుంది అని. పెట్టె మీద గ్యారంటీ అని రాసి ఉంటుంది, అది తయారీలో లోపానికి. అరుగుదలకు ఎవరూ పూచీ ఇవ్వరు. బ్లేడుకు ఆయుష్షు వెన్ను నుంచి వాదర దాకా ఉన్న వెడల్పు. నూరినప్పుడల్లా దాంట్లోంచి కాస్త ఖర్చు పెడతావు. పొదుపుగా పెడితే నీ కూతురు కూడా దానితో ఆపిల్ కోసుకుంటుంది. చెక్క పిడికి రెండేళ్లకోసారి కాస్త అవిసె నూనె పట్టించి ఆరనివ్వు. నూనె అద్దిన గుడ్డ మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకు, పరిచి ఆరబెట్టి పారెయ్. అవిసె నూనె గుడ్డ తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు.

చాకులు అరిగి చావడం నేను చాలా తక్కువ చూశాను. మీ నాన్న ఒక మంచి చాకుతో పెయింటు డబ్బా మూత లేపాడు, కొన టప్పున ఎగిరిపోయింది. మేకు పీకబోయి మన మేస్త్రీ ఒకటి విరిచాడు. బ్లేడు కోయడానికి చేసినది, పక్కకు వంచితే విరుగుతుంది. నువ్వు డిష్‌వాషర్‌లో పెట్టి ఒకటి చంపగలవు, వేడికీ ఆవిరికీ ఆ చెక్క నిలవదు, కార్బన్ ఉక్కు బయటికి వచ్చేసరికి ఎర్రబడుతుంది. ఇవన్నీ కాకుండా చాలా చాకులు పోయేది బస్సు సీట్ల సందుల్లో, పిక్నిక్ గడ్డిలో. రంగు దారం ఒకటి పిడికి కట్టుకో.

రింగు తిప్పకుండా గట్టి పని చెయ్యకు. తెరిచాక తిప్పు, మూసి సంచిలో వేసుకునేటప్పుడు కూడా తిప్పు. 2000 తర్వాతవి మూసినప్పుడు కూడా తాళం పడతాయి. నీదీ పడుతుంది. ఒంటిచేత్తో విసిరి తెరిచే విద్య ఎవరైనా నేర్పుతానంటే దణ్ణం పెట్టి రా. అక్కడ సరైన కారణం లేకుండా చాకు జేబులో పెట్టుకుని తిరగడం నేరం. కొండెక్కే రోజున సంచిలో రొట్టెతో పాటు పెట్టుకో, కాలేజీకి పట్టుకెళ్లకు. వంటింట్లో దానికో చోటు చూడు.

పోయిన వారం నా చాకు తీసి నూరుతుంటే మీ పెద్దమ్మ, ఇంకెన్నాళ్లు దాన్ని అరగదీస్తారు, కొత్తది కొనుక్కోకూడదా అంది. కొత్తొక వింత పాతొక రోత అని నాకు సామెత కూడా వినిపించింది. ఇంకో పదేళ్లు వస్తుంది, నేను వస్తానో లేదో అన్నాను. ఆవిడకు కోపం వచ్చి రెండు రోజులు కాఫీలో చక్కెర వెయ్యలేదు. కాబట్టి ఆ మాట నీ దగ్గర అనను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నాకూ ఒక 8వ నంబరు తెస్తానన్నావు. తే. కార్బన్‌దే తే. దానికి ఇవ్వడానికి రూపాయి బిళ్ల ఒకటి నా అంటు చాకు పక్కనే తీసి పెట్టాను. వచ్చేటప్పుడు నీదీ పట్టుకురా, అప్పటికి నీ చేతిలో ఎంత లొంగిందో చూస్తాను, ఒకసారి కలిసి నూరుదాం. రెంటినీ బట్టల మధ్య చుట్టి చెకిన్ పెట్టెలో పెట్టు. చేతిసంచిలో వెయ్యకు. ఎయిర్‌పోర్టులో తీసుకున్న చాకు తిరిగి ఇవ్వరు.

మీ పెద్దనాన్న